బొగ్గు నలుపు, పత్తి తెలుపు, మీటరు బూడిద

పెద్దపల్లి మార్కెట్ యార్డులో పత్తి కుప్ప ముందు నిలబడి, కెమెరా చెప్పిన లెక్కకు తలూపి ఒక ఫొటో తీయండి. అక్కణ్నించి గోదావరిఖని వచ్చి, ఓపెన్‌కాస్ట్ అంచున పోసిన బొగ్గును అదే కెమెరాతో ఇంకొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పత్తి మాసిన దుప్పటిలా ఉంటుంది. బొగ్గేమో కుందనపల్లి బూడిద చెరువులో పొర్లించి తెచ్చినట్టుంటుంది. కెమెరా చెడిపోలేదు. దాని లోపలి మీటరుకు తెలిసింది ఒకటే: ఎదురుగా ఏమున్నా, అది తనమీద పడ్డ వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే నడిమి బూడిద రంగు అనుకోవడం. పత్తి అంతకు నాలుగు రెట్లు పైనే తిప్పి పంపుతుంది. బొగ్గు అందులో నాలుగో వంతు పంపితే గొప్ప. అందుకే మీటరు మాట వింటే తెల్లదానికి రెండు స్టాపుల వెలుతురు తక్కువ, నల్లదానికి రెండు స్టాపులు ఎక్కువ పడుతుంది (ఒక్కో స్టాపు అంటే వెలుతురు సగం కావడమో, రెట్టింపు కావడమో).

1940 ప్రాంతంలో అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా ఛాయలను మెట్లుమెట్లుగా విడగొట్టి ‘జోన్ సిస్టం’ అని పేరు పెట్టారు. ఆ మెట్లు రామగుండం చుట్టూ నలభై కిలోమీటర్ల లోపల పరిచే ఉన్నాయి: గనిలో బొగ్గు, చేలో పత్తి, ఎన్టీపీసీ పొగగొట్టాల కింద బూడిద. ఇక్కడ కెమెరా పట్టినవాడు ఎవడైనా, తెలిసో తెలియకో, ఆ బూడిద రంగుతో కొట్లాడినవాడే. ఆ కొట్లాట కథ ఒకసారి వెనక్కి తిరిగి చూడదగ్గది.

ఎక్స్‌పోజర్ అనే మాటకు మా బాయి (గని) భాషలో అర్థం చెప్పుకుందాం. కోల్ ఫిల్లర్ తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బు నింపేవాడు. చెమ్మస్ వెడల్పయితే తక్కువసేపట్లో నిండుతుంది, ఇరుకైతే ఎక్కువసేపు పడుతుంది. టబ్బే చిన్నదైతే ఇట్టే నిండుతుంది. చెమ్మస్ వెడల్పు అపర్చర్, ఎత్తినంతసేపు షట్టర్, టబ్బు పరిమాణం ఫిల్మ్ వేగం, అంటే ఇప్పటి ఐఎస్ఓ. మూడింట్లో దేన్ని మార్చినా మిగతావాటితో సరిచేయొచ్చు, కానీ ప్రతి మార్పుకూ ఒక మూల్యం ఉంది. అపర్చర్ తెరిస్తే ముందూ వెనకా మసకబారతాయి. షట్టర్ నిదానిస్తే మనిషి కదిలి చెదిరిపోతాడు. ఐఎస్ఓ పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టవుతుంది. నూటయాభై ఏళ్లుగా మారుతూ వచ్చింది ఏ కాలంలో ఏది వదులుకున్నారన్నదే.

1871 అనే సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఏడాదే భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూసిన పొడి ప్లేటు గురించి రాశాడు. ఒకరికొకరు సంబంధం లేని మనుషులు. కానీ అక్కణ్నించి మొదలైన రెండు దారులూ గోదావరిఖనిలో కలిశాయి.

పొడి ప్లేటుకు ముందు ఉన్నది 1851 నాటి తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు జిగురు పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, అప్పటికప్పుడు చీకటి గుడారంలో కడగాలి. మన వేసవిలో ఎంతసేపు తడి నిలుస్తుంది? షట్టర్ అనేదే లేదు. లెన్సు మూత తీసి, నోట్లో అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూసేవారు. ఎంత లెక్కపెట్టాలో చెప్పే యంత్రం లేదు, అనుభవమే మీటరు. ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870లలో కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ ఆ బడిలోనే చదువుకున్నాడు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1886లో, హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి నిజాం రాజ్యంలో గనుల హక్కులు దక్కాయి. కొలువు కూటాల్లో, వేట శిబిరాల్లో దీన్‌దయాళ్ తీసిన బృంద చిత్రాలు చూస్తే, అంతమంది అంత బిగుసుకుని ఎందుకున్నారా అనిపిస్తుంది. దర్పం కొంత. మిగతాది షట్టర్ నిదానం.

ఆ ప్లేట్లకు ఇంకో గుణం ఉంది, దాన్ని మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. అవి నీలం వెలుతురునే బాగా అందుకునేవి, ఎరుపు వాటికి చీకటితో సమానం. ఆకాశం తెల్లగా పాలిపోయేది. ఎర్రమట్టి, గోధుమ వన్నె ముఖం ఉన్నదానికన్నా రెండాకులు ఎక్కువే నల్లబడేవి. 1906లో అన్ని రంగులనూ అందుకునే పాంక్రొమాటిక్ ప్లేట్లు అమ్మకానికి వచ్చేదాకా ఇదే పరిస్థితి. పాత ఆల్బముల్లో పక్కపక్కన నిలబడ్డ దొరకూ బంట్రోతుకూ మధ్య కనిపించే రంగు తేడాలో కొంత ప్లేటు సొంత కవిత్వం.

ఊహను లెక్కలోకి మార్చినవాళ్లు ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, ఒక ఇంజనీరు. ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ ఇంగ్లండులో విడ్నెస్ అనే ఊళ్లో క్షార కర్మాగారంలో పనిచేసేవారు. ఎంత వెలుతురు పడితే ప్లేటు ఎంత నల్లబడుతుందో కొలిచి, 1890లో వంపు గీత గీసి చూపించారు. అడుగున చదునుగా మొదలై, నడుమ నిటారుగా ఎక్కి, పైన మళ్లీ వంగిపోయే గీత. ఆ తర్వాత ఫిల్ములన్నిటి జాతకమూ అందులోనే ఉంది. పొగగొట్టాల ఊళ్లో, ఫ్యాక్టరీ ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు మనుషులు దీన్ని తేల్చారన్న సంగతి రామగుండంలో చదివితే ఒకలా ఉంటుంది.

1930ల తొలినాళ్లలో వెస్టన్ వాళ్ల సెలీనియం మీటరు వచ్చింది. బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురు తగిలితే ముల్లు కదులుతుంది. మూత పట్టుకుని అంకెలు లెక్కపెట్టే కాలం ముగిసింది, బూడిద రంగు పెత్తనం మొదలైంది.

ఇక గని లోపలికి. భూమి కింద ఫొటో తీయాలన్న తపన పాతదే. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ నాదార్ 1861లో పారిస్ భూగర్భ శ్మశానాల్లోకి బ్యాటరీ దీపాలు మోసుకుపోయాడు. ఒక్కో ఫొటోకు 18 నిమిషాలు పట్టడంతో అంతసేపు కదలకుండా ఉండే మనిషి దొరక్క, పనివాళ్ల స్థానంలో బట్టలు తొడిగిన బొమ్మల్ని నిలబెట్టాడు. 1890లలో జె.సి. బరో కార్న్‌వాల్ తగరపు గనుల్లో మెగ్నీషియం మండించి తీసిన చిత్రాలు ఇప్పటికీ అబ్బురమే. ఆ వైభవం తగరానికే చెల్లింది. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. 1815లో హంఫ్రీ డేవీ దీపానికి జాలీ తొడిగింది అందుకే. ఇవాళ్టికీ బాయిలో దిగేవాణ్ని జేబులో బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని తడిమి చూసేదీ అందుకే. గనుల భద్రతా శాఖ ఆమోదించని విద్యుత్ పరికరాన్ని గ్యాసు ఉన్నచోటికి తీసుకుపోవడం కుదరదు, ఫ్లాష్‌గన్ మాట అసలే ఎత్తకూడదు. అమెరికాలో లూయిస్ హైన్ 1911లో బొగ్గు ఏరే పిల్లల్ని ఫ్లాష్ పొడి వెలిగించి తీశాడు. అయితే అది గని పైనున్న కట్టడంలో.

మరి లోపల వెలుతురేది? టోపీ మీది దీపం. అది కూడా ఒకడి దీపం ఇంకొకడి ముఖం మీద పడాలి, తన దీపం తన ముఖాన్ని చూపదు. ఎండలో ఎఫ్ 16, సెకనులో నూటో వంతు అనుకుంటే, ఇక్కడ అంతకన్నా ఓ పన్నెండు స్టాపుల చీకటి. ఒక్కో స్టాపుకు సగం చొప్పున లెక్కేస్తే వెలుతురు నాలుగు వేల వంతుకు పడిపోయినట్టు. 100 వేగం ఫిల్ముతో, ఎఫ్ 2.8 దాకా తెరిచినా దాదాపు ఒక సెకను కావాలి. 400 ఫిల్ముకు పావు సెకను. చెమ్మస్ ఎత్తేవాడు పావు సెకను కదలకుండా ఉంటాడా? అందుకే పాతరోజుల్లో ఏ దేశపు గని ఫొటో చూసినా పనిచేస్తున్నట్టు నటిస్తున్న మనుషులే ఉంటారు. పైగా ఉక్క, తేమ. చల్లటి లెన్సు మీద క్షణంలో పొగమంచు కమ్ముతుంది.

బయటివాళ్లు ఊహించని తిరకాసు ఇంకోటుంది. గని లోపలంతా నల్లగా ఉండదు. బొగ్గు ధూళి అంటుకుని పేలకుండా దార్లలో రాతిపొడి చల్లుతారు, కూడళ్లకు సున్నం కొడతారు. కాబట్టి నడిచే దారి బూడిద తెలుపు. బొగ్గు కోసే మొఖం దగ్గరే అసలు నలుపు. దారిలో కుదిరిన లెక్క పట్టుకుని మొఖం దగ్గరికి పోయినవాడికి మిగిలేది చీకటిలో ఒక తెల్ల చుక్క, ఆ చుక్క దీపానిది.

గోదావరిఖని ఊరుగా పుట్టింది 1960ల బాయిలతో. సింగరేణి కాలరీస్ పేరు 1920 నాటిది. ఇల్లందు, బెల్లంపల్లి, కొత్తగూడెం ముందు పుట్టాయి, నది ఒడ్డున ఈ ఖని తర్వాత. పల్లెల నుంచి మనుషులు వచ్చారు, మనుషుల వెంట స్టూడియోలు వచ్చాయి. ఉద్యోగానికి ఫొటో, గుర్తింపు కార్డుకు ఫొటో, కొడుకు వారసత్వ ఉద్యోగం కాగితాలకు ఫొటో, దుబాయి పోయే తమ్ముడి పాస్‌పోర్టుకు ఫొటో. తెలంగాణలో ఇంకెన్నో ఊళ్లలో ఫొటో అంటే పెళ్లికో చావుకో. ఇక్కడ అది జీతంతో ముడిపడ్డ కాగితం.

చౌరస్తా చుట్టూ, లక్ష్మీనగర్ సందుల్లో ఆ స్టూడియోలు ఎట్లుండేవో నా తరానికి గుర్తే. రెండు 500 వాట్ల బల్బులు, వెనక గీసిన తోట తెర, ముక్కాలి పీట మీద కర్ర కెమెరా. వెలుతురు ఎప్పుడూ అంతే కాబట్టి మీటరు అక్కర్లేదు. మూల బల్బు ఎక్కడ, కుర్చీ ఎక్కడ అని నేల మీద సుద్దగీతలుండేవి. “అన్నా, గదువ జర పైకి లేపు, కదలకు” అన్నాక అర సెకను. బెంచీ మీద కూర్చున్న పదిమందిలో బాయి పనివాణ్ని ఫొటోగ్రాఫర్ ఇట్టే గుర్తుపట్టేవాడు. ఎంత సబ్బు రుద్దినా రెప్పల అంచున బొగ్గు పొడి కాటుకలా మిగిలేది. అతను అద్దం ముందు పౌడరు దట్టంగా పట్టించి వచ్చి కూర్చునేవాడు. కళ్ల చుట్టూ నలుపు, బుగ్గల మీద తెలుపు, నడుమ అసలు వన్నె. దేనికి లెక్క కట్టాలి? ఆ తరం ఫొటోగ్రాఫర్ల జవాబు సులువు: నీడలో వివరం వచ్చేట్టు వెలుతురియ్యి, తెలుపు సంగతి డార్క్‌రూంలో చూసుకుందాం. ఎన్లార్జర్ కింద చేయి అడ్డం పెట్టి ముఖాన్ని కాపాడుతూ, చొక్కా మీద ఇంకాస్త కాల్చేవారు. మిగిలిందేమైనా ఉంటే సన్న పెన్సిలుతో నెగెటివ్ మీద టచింగ్.

ఫిల్ము తూర్పు జర్మనీ ఓర్వో, లేకపోతే ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు. కడిగే రసాయనాలకు డబ్బా మీద రాసింది 20 డిగ్రీలు. రామగుండంలో మే నెల పగలు 45 దాటుతుంది, నల్లా నీళ్లు పొయ్యి మీంచి దించినట్టుంటాయి. ఆ వేడికి ఫిల్ము ఎక్కువ ఉడికి, తెల్లచోట్లు మూసుకుపోతాయి. ఐసుగడ్డల తొట్టిలో డబ్బా పెట్టి కడిగిన రోజులవి. అంటే ఇక్కడ ఎక్స్‌పోజర్ లెక్కలో నాలుగో అంశం ఒకటుంది, ఎండ. 

పెళ్లిళ్లకు ఫ్లాష్‌గన్ వచ్చాక లెక్క మారింది. గన్ వెనక చిన్న పట్టిక ఉండేది. గన్ నంబరు 28 అయితే, మూడున్నర మీటర్ల దూరానికి 28ని మూడున్నరతో భాగించి ఎఫ్ 8. తెల్ల పంచె పెళ్లికొడుకును జీలకర్ర బెల్లం పెట్టే వేళకు అందుకోవాలి, ముహూర్తం రెండోసారి రాదు. అడుగులతో దూరం కొలిచి, నోట్లో భాగహారం చేసే ఆ ఫొటోగ్రాఫర్లు గణితంలో నాకన్నా దిట్టలు. ఎనభైల నుంచి కలర్ నిండింది. కలర్ నెగెటివ్‌కు వెలుతురు రెండు స్టాపులు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. దాంతో “ఒక స్టాపు ఎక్కువే కొట్టు” అన్నది వేదవాక్యం అయింది. అప్పుడే మీటరు మళ్లీ ఎదురైంది, ఈసారి ల్యాబులో. ప్రింటింగ్ మెషిన్ కూడా ప్రతి నెగెటివ్‌నూ సగటు బూడిదకు లాగేది. బొగ్గు నల్లగా రావాలని నేను జాగ్రత్తగా తీసి ఇచ్చిన రీలు ఒక ల్యాబు నుంచి సిమెంటు గుట్టలై తిరిగొచ్చింది. “మిషన్ గట్లనే ఇస్తది సార్” అన్నారు. నిజమే చెప్పారు.

నలుపుతో స్నేహం చేసిన తెలుగు చేతులు కూడా ఉన్నాయి. మార్కస్ బార్ట్లీ 1957లో ‘మాయాబజార్’ కోసం పున్నమిని స్టూడియో దీపాలతో కట్టాడు. ఆయన తెలుగువాడు కాకపోయినా ఆ వెన్నెల మాత్రం మనదే. సునీల్ జానా సాయుధ పోరాటపు తెలంగాణను తీశాడు. కోరుట్ల నుంచి వచ్చిన బండి రాజన్‌బాబు మనిషి దేహం మీద ఎంత తక్కువ వెలుతురు చాలునో చూపించి, 2011లో వెళ్లిపోయాడు. 2022లో కన్నుమూసిన వరంగల్ భరత్ భూషణ్ పల్లె గోడల్ని, బతుకమ్మల్ని తీశాడు. గడీ లోపలి చీకటిని బి. నర్సింగరావు ‘దాసి’లో (1988) చూసినవాళ్లు మర్చిపోలేరు. ఆ చీకటికే ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు జాతీయ పురస్కారం దక్కింది. తెలంగాణ నలుపును తెరమీద దానంతట దాన్ని ఉండనిచ్చిన మొదటి పని అదేనని నా అభిప్రాయం. కాదనేవాళ్లతో వాదించడానికి సిద్ధం.

బొగ్గు వరకు వస్తే ప్రపంచం తలుచుకునేది సెబాస్టియావ్ సల్గాడోను. 1989లో ధన్‌బాద్‌లో తీసిన గనికార్మికులు ఆయన ‘వర్కర్స్’ పుస్తకంలో ఉన్నారు. ఆ ముఖాల్లో బొగ్గు పొడి పూత వేరు, కింద చర్మం వేరు. రెండు నలుపులు విడివిడిగా కనిపిస్తాయి. నేను ఆ బొమ్మల్ని చూసింది ఖనిలో. ఇట్లాంటి ముఖాల్ని రోజూ చౌరస్తాలో చూస్తూ, మన స్టూడియోలు పౌడరు కింద వాటిని దాచాయే అనిపించింది. ఆ కష్టం చేసే మనిషికి తన ఫొటోలో బొగ్గు కనపడకూడదన్న కోరిక ఉండటం కూడా న్యాయమే కదా, అని తర్వాత అనిపించింది. ఈ రెంటి మధ్య నేనింకా తేల్చుకోలేదు.

డిజిటల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరి చేతిలోనూ ఉన్నదే. ఒక్క సంగతి చాలు. ఫిల్ము వంపు పైభాగాన మెల్లగా వంగేది, తెలుపు నిదానంగా ఆరిపోయేది. సెన్సర్‌కు ఆ వంపు లేదు, నిండగానే పొంగిపోతుంది, పొంగింది తిరిగిరాదు. కాబట్టి పాత సూత్రం తలకిందులైంది: తెలుపును కాపాడి తీయి, నీడను తర్వాత లేపుకో. ఐఎస్ఓ 6400 పెడితే గనిలో ఒక సెకను కాస్తా అరవయ్యో వంతుకు దిగింది. నటించే కార్మికుడి కాలం ముగిసింది. బొగ్గుబాయి ఊరి కథగా 2023లో వచ్చిన ‘దసరా’ దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ గోదావరిఖని ప్రాంతం వాడే. సత్యన్ సూర్యన్ ఛాయాగ్రహణంలో మసి, దుమ్ము, దీపాల వెలుగు తెరమీద దేనికది నిలిచాయి. జేబులో ఫోన్లేమో రాత్రిపూట కొన్ని ఫ్రేములు కలిపి, ముఖాలు తెల్లబరిచి, బొగ్గును మళ్లీ బూడిద చేస్తున్నాయి. తెర మీద సూర్యుడి గుర్తును వేలితో కిందికి లాగితే తగ్గుతుంది. పాత స్టూడియో మనిషి దాన్నే రెండు స్టాపులు మూయడం అంటాడు.

ఈ మధ్య ఒక గని దగ్గర పదవీ విరమణ సన్మానం చూశాను. నెలాఖరు, మొదటి షిఫ్టు దిగే వేళ, నెత్తిన ఎండ. దిగిపోతున్నాయన కొత్త తెల్లచొక్కా, తెల్ల పంచె, మెడలో బంతిపూల దండ. వెనక బొగ్గు బంకర్. పక్కన భార్య, కోడలు, మనవరాలు. తెలుపు, నలుపు, నడుమ ఎండకు కాలిన ముఖం. ఒక్క ఫ్రేములో ఇన్ని చిక్కులు ఏ బడిలోనూ ఇవ్వరు. ఫొటో తీయడానికి వచ్చింది అరవై దాటిన స్టూడియో మనిషి. చొక్కాను కొలవలేదు, బంకర్‌ను కొలవలేదు. “కాకా, చెయ్యి సాపు” అన్నాడు. అరచేయి ఏ వన్నె మనిషిదైనా నడిమి బూడిద కన్నా సుమారు ఒక స్టాపు వెలుగు. దాన్ని కొలిచి ఒక స్టాపు తెరిస్తే మిగతావన్నీ తమ చోట తాము కూర్చుంటాయి. ముసలాయన ఏమీ అడగకుండా చేయి చాపాడు. గీతల్లో నలుపు ఇంకా ఉంది. కెమెరా దగ్గరగా పెట్టి అంకె చూసుకుని, స్టూడియో మనిషి నాలుగడుగులు వెనక్కి వేశాడు, మనవరాలిని ఎండ కంట్లో పడకుండా కొంచెం ఇటు తిరగమన్నాడు.